ఐదు నెలలుగా అద్దె రావడం లేదు, ఖాళీ చేయమంటే చేయడం లేదు: అమ్మ తరఫున అడుగుతున్నాను

తులసికోట
అందరికీ నమస్కారం. ఉప్పల్ దగ్గర మాకో చిన్న ఇల్లుంది. నాన్నగారు రిటైరయ్యాక 2003లో కట్టించారు. ఇప్పుడు కింద అమ్మ ఒక్కతే ఉంటుంది, పై పోర్షన్ అద్దెకిచ్చాం. నేను ఉద్యోగం వల్ల పుణేలో ఉంటున్నాను.

పైన ఉన్న కుటుంబం 2017లో దిగింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. అప్పట్లో వంద రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలలకు అగ్రిమెంట్ రాసుకున్నాం. ఆ తర్వాత మళ్లీ రాసుకున్నది లేదు, నోటిమాట మీదే అద్దె పెంచుకుంటూ వచ్చాం. ప్రస్తుతం నెలకు 13,500. అడ్వాన్స్ 27,000 మా దగ్గరుంది. కరెంటు మీటరు వాళ్లకు వేరే ఉంది, నీళ్లు మావే. ఇన్నేళ్లలో ఒక్క నెల కూడా ఇబ్బంది పెట్టలేదు. ఆయన జిరాక్స్, ప్రింటింగ్ షాపు నడిపేవాడు. ఈ వేసవిలో అది మూతపడింది. జూన్ నుంచి అద్దె ఆగిపోయింది. అక్టోబరుతో ఐదు నెలలు.

అడిగితే మొదట "వచ్చే నెల కలిపి ఇస్తానండీ" అన్నాడు. తర్వాత "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అన్నాడు. ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం లేదు. అమ్మకు నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ కొంచెం వస్తుంది, మందులూ ఇంటి ఖర్చూ చాలావరకు ఈ అద్దెతోనే గడిచేవి. పైగా ఆ ఇంటావిడ రోజూ మెట్ల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ తలదించుకుని వెళ్లిపోతున్నారట. అమ్మకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. వీధిలో ఎవరో "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదే అయిపోతుంది, తొమ్మిదో ఏడు నడుస్తోంది చూసుకో" అని కూడా అన్నారు. దాంతో టెన్షన్ ఇంకా పెరిగింది. ఏం చేయాలో దయచేసి చెప్పండి.

నాగోల్ శ్రీను
అన్నా, మెత్తగా ఉంటే ఇట్లనే ఉంటది. వాళ్లు ఊరికి పోయిన రోజు చూసి తాళం మార్చెయ్. మోటారు స్విచ్ కింద మీ దగ్గరే ఉంటది కదా, నీళ్లు ఆపితే వారంలో సామాన్లు సర్దుకుంటరు. మా గల్లీలో ఒకాయన అట్లనే ఖాళీ చేయించిండు. పెద్దావిడ మందులకు పైసలు లేకుంటే నువ్వు చట్టం పట్టుకుని కూర్చుంటవా?

నల్లకోటు
శ్రీను గారూ, మీ కోపం అర్థమైంది, కానీ ఈ సలహా పాటిస్తే ఆ పెద్దావిడే కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది. నేను రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. ఇలా తాళం మార్చిన కేసులు చూశాను.

1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్‌లో 6వ సెక్షన్ ఉంది. చట్టప్రకారం కాకుండా ఒకరిని ఇంట్లోంచి వెళ్లగొడితే, ఆరు నెలల్లోపు దావా వేసి వాళ్లు మళ్లీ లోపలికి రావచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉందనేది ఆ దావాలో చూడరు. అద్దె బాకీ ఉన్నా సరే. అంటే తాళం మార్చిన రోజు నుంచి అద్దె ఎగ్గొట్టిన మనిషి బాధితుడవుతాడు, మీ అమ్మగారు ప్రతివాది అవుతారు. ఇంట్లో బంగారం ఉంది, అది పోయిందని ఫిర్యాదు పెడితే ఇంకో చిక్కు. నీళ్లు, కరెంటు ఆపడం కూడా అంతే, ఆ ఫొటోలన్నీ రేపు జడ్జిగారి ముందుకొస్తాయి. పైన పిల్లలున్నారని కూడా మర్చిపోవద్దు.

తులసికోట గారూ, పన్నెండేళ్ల మాట ముందు అమ్మగారి మనసులోంచి తీసేయండి. అద్దెకు దిగిన మనిషి, అద్దెదారుగా ఉన్నంతకాలం, ఇల్లు నాదే అనలేడు. పన్నెండేళ్ల లెక్క యజమాని హక్కును కాదని, బహిరంగంగా తనదే అన్నట్టు అనుభవించేవాళ్లకు. మీ దగ్గర 2017 అగ్రిమెంట్ ఉంది, బ్యాంకులో అద్దె జమ అయిన వివరాలున్నాయి. ఆయన ఏ హోదాలో ఉన్నాడో అవే చెబుతాయి.

మిగతాది రాత్రికి వివరంగా రాస్తాను, కోర్టులో ఉన్నాను.

బెజవాడ బాబాయి
బాబూ, నాకు విజయవాడలో రెండు వాటాలు అద్దెకున్నాయి. ముప్పై ఏళ్ల నుంచి ఇస్తున్నాను కాబట్టి ఒక మాట చెప్తాను. మీరు పుణే నుంచి ఫోన్లో అడగడం ఆపి, ఒక శని ఆదివారాలు వచ్చి ఆయనతో ఎదురుగా కూర్చోండి. మీ అమ్మగారిని ఆ మాటల్లోకి తేవద్దు. వాళ్లావిడనీ తేవద్దు. మగవాడికి షాపు పోయాక అప్పులవాళ్లందరిలోనూ మెత్తని ఇంటి ఓనర్‌కే చివర ఇస్తాడు, ఎందుకంటే మిగతావాళ్లు గుమ్మంలోకొచ్చి అరుస్తారు. బయట ఎంత అప్పుందో, నెలకు ఎంత సంపాదిస్తున్నాడో కనుక్కోండి. ఉద్దేశం ఉండి ఇవ్వలేనివాడా, ఇవ్వగలిగీ ఇవ్వనివాడా అన్నది తేలితేనే తర్వాత ఏం చేయాలో తెలుస్తుంది.

కూర్చున్నప్పుడు ఏం అనుకున్నారో ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పెట్టండి. "ఈ రోజు మనం అనుకున్నట్టు జూన్ నుంచి అక్టోబరు దాకా అద్దె బాకీ 67,500, ఫలానా తేదీకి ఇంత ఇస్తానన్నారు" అని. ఆయన "సరేనండీ" అన్నా చాలు.

రెండో అంతస్తు
నేను అద్దె కట్టేదాన్ని, అటువైపు నుంచి రాస్తున్నాను. 2020 లాక్‌డౌన్‌లో మావారి ట్రావెల్స్ పని పూర్తిగా ఆగిపోయింది. కూకట్‌పల్లిలో ఉండేవాళ్లం. మా ఓనరమ్మ పైకొచ్చి, "ఎంత ఇవ్వగలరో అంతే ఇవ్వండి, కానీ ప్రతి నెలా ఐదో తారీఖున ఇవ్వండి" అంది. సగం, ఒక్కోసారి సగం కంటే తక్కువ ఇచ్చాం. ఆవిడ ఒక నోటుబుక్కులో రాసి మాతో సంతకం పెట్టించుకునేది. ఆ పుస్తకం ఉండబట్టే మేం పూర్తిగా చేతులెత్తేయలేదు. తర్వాత మొత్తం తీర్చాం.

అద్దె ఆగిన ఇంట్లో ఆడవాళ్లకు కూడా నిద్ర ఉండదండీ. గేటు చప్పుడైతే గుండె ఆగినట్టుంటుంది. ఆయన ఫోన్ ఎత్తకపోవడం తప్పే. కానీ సిగ్గుతో ఎత్తకపోవడం వేరు. పిల్లలు ఏం చదువుతున్నారో కనుక్కోండి. చదువుల మధ్యలో ఇల్లు మారాలంటే స్కూలు బస్సు, కొత్త ఇంటికి అడ్వాన్స్, సామాన్ల బండి ఖర్చు, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. చేతిలో డబ్బులేని మనిషి ఖాళీ చేయలేకపోవడానికి అదీ ఒక కారణం.

నల్లకోటు
ఇప్పుడు వివరంగా.

మొదట ఏ చట్టం కిందికి వస్తారన్నది. చాలామంది "రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లండి" అంటారు, అంటే అద్దె నియంత్రణ చట్టం కింద అద్దె తగాదాలు తేల్చే అధికారి దగ్గరికి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదు. మీది 13,500. కాబట్టి 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ ప్రకారం నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టులో ఖాళీ చేయించే దావా. మీ మంచికే ఇలా వచ్చింది. రెంట్ కంట్రోలర్ ముందైతే కావాలనే ఎగ్గొట్టాడని రుజువు చేయాలి. ఇక్కడ కారణమే చెప్పక్కర్లేదు, కిరాయి ఒప్పందాన్ని చట్టప్రకారం ముగించామని చూపిస్తే చాలు.

11 నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది, తర్వాత అద్దె తీసుకుంటూ వచ్చారు. అంటే ఇప్పుడది నెలవారీ కిరాయి. దాన్ని 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఆ 15 రోజులు నోటీసు ఆయనకు అందిన తేదీ నుంచి లెక్క. నోటీసు అమ్మగారి పేరున వెళ్లాలి, ఇల్లు ఆవిడ పేరున ఉంటే. నాన్నగారి పేరునే ఉండిపోయి ఉంటే వారసులందరి పేర్లూ పెట్టండి. ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను: నోటీసులో "బాకీ కట్టండి" అని మాత్రమే రాసి వదిలేయొద్దు. "ఇంతటితో కిరాయి ముగిసింది, ఇల్లు అప్పగించండి" అన్న వాక్యం ఉండాలి. అది లేక దావాలు పోవడం నేను చూశాను.

స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసి పెట్టుకోండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు చింపకుండా అలాగే దాచండి, సరైన చిరునామాకు పంపిన నోటీసు అందినట్టే కోర్టు భావిస్తుంది.

నోటీసు గడువు అయ్యాక ఆయన డబ్బిస్తే ఏం చేయాలని అందరూ అడుగుతారు. పాత బాకీ నిస్సంకోచంగా తీసుకోండి. గడువు తర్వాతి నెలలకు ఇచ్చేది మాత్రం "అద్దె" అని రసీదు రాస్తే, నోటీసు వదులుకున్నారని 113వ సెక్షన్ కింద వాదిస్తారు. "ఇంట్లో ఉన్నందుకు వినియోగ పరిహారం, మా హక్కులకు భంగం లేకుండా" అని రాసి తీసుకోండి.

తులసికోట
నల్లకోటు గారూ, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పన్నెండేళ్ల విషయం అమ్మకు చదివి వినిపించాను, ఆ ఒక్క మాటకే సగం భారం దిగింది. ఇల్లు అమ్మ పేరునే ఉంది, నాన్నగారు ముందే గిఫ్ట్ డీడ్ చేశారు.

రెండు సందేహాలు. పోలీసు స్టేషన్‌కు వెళ్లమని మా మేనమామ అంటున్నారు. సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీవో గారికి అర్జీ పెట్టమని ఇంకొకరు చెప్పారు. ఏదైనా పనికొస్తుందా?

నల్లకోటు
పోలీసులు అద్దె వసూలు చేయరు, చేయకూడదు కూడా. అద్దె కట్టకపోవడం సివిల్ విషయమే కానీ నేరం కాదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆయన అమ్మగారిని బెదిరించినా, మీద మీదకు వచ్చినా అది వేరే సంగతి, వెంటనే వెళ్లండి. ఇక 2007 సీనియర్ సిటిజన్ల చట్టం ప్రధానంగా పిల్లలు, బంధువులు తల్లిదండ్రులను చూసుకోకపోతే వాళ్ల మీద వాడుకునేది. అద్దెదారును ఖాళీ చేయించడానికి అది దారి కాదు. అక్కడికి తిరిగితే నెలలు పోతాయి.

విశాఖ అక్క
తమ్ముడూ, కోర్టు అంటే మాకు భయం వేసేది అందుకే కదా, దావా వేసి ఏళ్లు గడిస్తే ఆ అద్దె ఎవరిస్తారు? మా ఆడపడుచు వాళ్లది నాలుగేళ్లు నడిచింది. ఆ నాలుగేళ్లూ వాళ్లు పైసా కట్టకుండా ఉన్నారు. దీనికేమైనా మార్గం ఉందా? మాది ఆంధ్ర, అక్కడా ఇదే పద్ధతేనా?

నల్లకోటు
అక్కా, సరైన ప్రశ్న. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడే సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు ఆర్డర్ 15-ఎ అని ఒకటి చేర్చారు. ఖాళీ చేయించే దావాలో అద్దెదారు పాత బాకీని కోర్టులో జమ చేయాలి, దావా నడిచినంతకాలం నెలనెలా కడుతూ ఉండాలి. కట్టకపోతే అతని డిఫెన్సు, అంటే దావాకు అతనిచ్చిన జవాబు, కొట్టేయమని మనం అడగవచ్చు. కొట్టేస్తే అతనికి వాదించుకోవడానికి దాదాపు ఏమీ మిగలదు. చాలా దావాల్లో ఈ పిటిషన్ వేయడమే మరిచిపోతారు. మీ వకీలు గారిని మొదటి రోజే దీని గురించి అడగండి. అలాగే అద్దె బాకీ వసూలుకు గడువు మూడేళ్లు, అంతకంటే పాతది పోయినట్టే.

ఆంధ్రప్రదేశ్ 2017లో సొంతంగా వేరే అద్దె చట్టం చేసుకుంది. మీ ఆడపడుచు గారి కాగితాలు అక్కడి వకీలుకు చూపించండి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం గురించి వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది, గడువు దాటి ఉంటే రెట్టింపు అద్దె, తర్వాత నాలుగు రెట్లు అని. అది నమూనా మాత్రమే. ఒక రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ నడుస్తుంది.

డల్లాస్ గోదావరి
నాదీ ఇదే కథ, ఇల్లు మియాపూర్‌లో, నేను అమెరికాలో. మా బావగారికి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే ఆయనే అన్నీ చూసుకోగలరా?

నల్లకోటు
నోటీసు ఇప్పించడం, దావా వేయడం చేయగలరు. విదేశంలో రాసిన పవర్ ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, అది మర్చిపోవద్దు. సాక్ష్యం దగ్గరే జాగ్రత్త. మీకు మాత్రమే స్వయంగా తెలిసిన విషయాలను మీ బదులు పవర్ హోల్డరు చెప్పలేరని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. కాబట్టి అద్దెదారుతో మాటలన్నీ మొదటి నుంచీ బావగారి చేతే జరిపించండి, అప్పుడు ఆయనకు తెలిసిన విషయాలు ఆయనే చెప్పగలుగుతారు.

నిర్వాహకులు
ఒక సభ్యుడు తన అద్దెదారు పేరు, ఫొటో, ఫోన్ నంబరు పెట్టారు. తొలగించాం. ఎవరి వివరాలూ ఇక్కడ పెట్టవద్దు. ఆ కుటుంబంలో పిల్లలూ ఉంటారు.

తులసికోట
దీపావళికి ఇంటికి వెళ్లి ఆయనతో కూర్చున్నాను. బాబాయి గారు చెప్పినట్టు అమ్మను పక్కన పెట్టి, డాబా మీద ఇద్దరమే మాట్లాడుకున్నాం. షాపు కోసం మెషీన్ల మీద తీసుకున్న లోను ఇంకా నడుస్తోంది, ఇప్పుడు ఒక కొరియర్ గోడౌన్‌లో పనికి కుదిరాడు. పెద్దమ్మాయి ఇంటర్ సెకండియర్, మార్చిలో పరీక్షలు. "పరీక్షల దాకా ఉండనివ్వండి, తర్వాత మా ఊరికెళ్లిపోతాం" అన్నాడు. మనిషి మోసగాడిలా అనిపించలేదు. కానీ ఈ మాట మీద మార్చి దాకా ఊరుకోవాలంటే భయంగా ఉంది. అమ్మ మాత్రం ఆ పిల్ల పరీక్ష పాడు చేయొద్దని గట్టిగా అంటోంది.

బెజవాడ బాబాయి
మీ అమ్మగారి మాట కాదనకండి. కానీ ఉత్త మాట మీద వదలకండి.

నాగోల్ శ్రీను
పిల్ల పరీక్షలంటే నేనూ వద్దననన్నా. తాళం మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఏప్రిల్‌లో పొమ్మంటే పోతడని గ్యారంటీ ఏంది?

నల్లకోటు
గ్యారంటీ తెచ్చుకునే మార్గం ఉంది. లోక్ అదాలత్.

దావా వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ కేసుగా అర్జీ పెట్టవచ్చు. ఫీజు ఉండదు. వాళ్లే ఆయనకు కబురు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. ఇద్దరూ ఒప్పుకుంటే షరతులు రాసి అవార్డు, అంటే తీర్పు, ఇస్తారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఒప్పుకోకపోతే వాళ్లు బలవంతం చేయరు, మీ దావా హక్కు మీకే ఉంటుంది. ఇంకో విషయం, అమ్మగారు మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును కేటాయించమని అక్కడే అడగవచ్చు. ఈ సదుపాయం చాలామంది ఇంటి ఓనరమ్మలకు తెలియదు.

కానీ 15 రోజుల నోటీసు ముందు ఇచ్చేయండి. మాట్లాడుకుంటున్నాం కదా అని దాన్ని ఆపొద్దు. ఎందుకిస్తున్నారో ఆయనకు ముందే ఫోన్ చేసి చెప్పండి, అవమానంగా అనుకోకుండా ఉంటాడు. బాకీకి చెక్కులు తీసుకోండి. చెక్కు తిరిగొస్తే బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లోపు నోటీసు, ఆయనకు 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ (చెక్కుల చట్టం) 138వ సెక్షన్ కింద ఫిర్యాదు. అద్దె ఎగ్గొట్టడం నేరం కాదు కానీ చెక్కు బౌన్సు నేరమే.

రెండో అంతస్తు
షరతుల్లో అడ్వాన్స్ సంగతి కూడా రాయించండి. వెళ్లేటప్పుడు రంగులకు, రిపేర్లకు అని చివర్లో కోతలు పెడితే గొడవ మళ్లీ మొదటికొస్తుంది. సామాన్ల బండికి చేతిలో కొంచెం డబ్బు మిగిలేలా చూడండి, అప్పుడే అన్న తేదీకి కదులుతారు.

తులసికోట
అందరికీ కొత్త సంవత్సర శుభాకాంక్షలు. జరిగింది రాస్తున్నాను, ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని.

నోటీసు నవంబరులో ఇచ్చాం. ముందే చెప్పడం వల్ల ఆయనే సంతకం పెట్టి తీసుకున్నాడు. డిసెంబరులో లోక్ అదాలత్‌లో ఇద్దరూ కూర్చున్నారు, నేనూ అమ్మతో వెళ్లాను. డిసెంబరు వరకు బాకీ ఏడు నెలలకు 94,500. అందులో అడ్వాన్స్ 27,000 సర్దుబాటు చేశాం. అమ్మ తనంతట తానే రెండు నెలల అద్దె, ఇంకో 27,000, వదిలేస్తానంది. అయితే ఏప్రిల్ 30కి ఖాళీ చేస్తేనే ఆ తగ్గింపు, చేయకపోతే మొత్తం కట్టాలని షరతు రాశారు. మిగిలిన 40,500కు మే, జూన్, జులై తేదీలతో మూడు చెక్కులు ఇచ్చాడు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నెలకు 13,500 వినియోగ పరిహారంగా కడతాడు. జనవరిది నిన్న వచ్చింది. రంగులకు, రిపేర్లకు కోత ఉండదని అవార్డులోనే రాయించాం, రెండో అంతస్తు గారికి ధన్యవాదాలు.

బయటికొచ్చాక వాళ్లావిడ అమ్మ చేయి పట్టుకుని ఏడ్చిందట. ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

డల్లాస్ గోదావరి
చాలా సంతోషం. ఒక్క ప్రశ్న, మే ఒకటో తారీఖుకు కూడా ఖాళీ చేయకపోతే అప్పుడు కొత్తగా దావా వేయాలా?

నల్లకోటు
అక్కర్లేదు. అవార్డు నకలు పెట్టి సివిల్ కోర్టులో ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే దాన్ని అమలు చేయమనే అర్జీ, వేస్తే సరిపోతుంది. విచారణ మళ్లీ మొదటి నుంచి ఉండదు, అవసరమైతే కోర్టు బేలిఫ్ వచ్చి ఇల్లు అప్పగిస్తాడు. ధ్రువీకరించిన నకలు ఇప్పుడే రెండు తీసుకోండి.

బెజవాడ బాబాయి
ఏప్రిల్‌లో వెళ్లేరోజు కరెంటు రీడింగ్ ఫొటో తీయండి, బిల్లు బాకీ లేదని చూసుకోండి. "ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించాను" అని ఒక కాగితం మీద తేదీతో సంతకం పెట్టించుకోండి. కొత్తవాళ్లు దిగేముందు ఈసారి అగ్రిమెంట్ ప్రతి 11 నెలలకూ రాయించుకోండి. అద్దె నేరుగా అమ్మగారి బ్యాంకు ఖాతాలోనే పడేలా చూడండి.